ఆ స్విచ్చి మీద ఒకసారి ‘అమ్మ’ అని కొట్టి చూడండి

మెకానికల్ కీబోర్డుల మీద మనవాళ్ళు చేసే రివ్యూలు ఈ రెండు మూడేళ్ళలో చాలానే చూశాను. తెలుగులో మాట్లాడే వీడియోలు, ఇంగ్లీషులో రాసిన పోస్టులు, పుస్తకాల గ్రూపుల్లో ‘నా రైటింగ్ సెటప్’ అంటూ కాఫీ కప్పు పక్కన పెట్టి తీసిన ఫోటోలు. చేసేది తెలుగువాళ్ళే, చూసేది తెలుగువాళ్ళే. కథో కవితో రాస్తామని చెప్పుకునేవాళ్ళు కూడా వాళ్ళలో తక్కువేం లేరు. అన్నిట్లోనూ వరస ఒకటే. డబ్బా విప్పుతారు, కీక్యాపులు పీకి చూపిస్తారు, మైకు దగ్గరికి జరిపి ఓ ఇంగ్లీషు టైపింగ్ పరీక్ష పేజీ తెరిచి నిమిషం పాటు దంచుతారు, ‘మంచి థాకీ సౌండ్’ అని తేల్చేస్తారు. ఇన్ని చూసినా ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఒక తెలుగు వాక్యం టైపు చేసి ఈ స్విచ్చి ఎలా ఉందో చెప్పగా నేను వినలేదు.

దీన్ని చిన్న లోపంగా వదిలెయ్యడం నాకు కుదరట్లేదు. ఏ భాష కొడుతున్నామో చెప్పకుండా స్విచ్చి స్పర్శ గురించి మాట్లాడటం, ఎక్కడ నడిచారో చెప్పకుండా చెప్పుల గురించి మాట్లాడటం లాంటిది. బురదలోనా, తారురోడ్డు మీదా? ఏ వేలు ఎక్కువ పని చేస్తుంది, ఒకే కీ వెంటవెంటనే రెండుసార్లు ఎన్నిసార్లు పడుతుంది, షిఫ్ట్ ఎంత తరచుగా నొక్కాలి అన్నవన్నీ భాష నిర్ణయిస్తుంది, ఆ భాషని యంత్రంలోకి ఎక్కించే పద్ధతి నిర్ణయిస్తుంది. అవి తెలియకుండా ‘రెడ్ మంచిదా బ్రౌన్ మంచిదా’ అని కొట్టుకోవడం ఇంగ్లీషు వేళ్ళ గొడవ. మనం పక్కన నిలబడి చప్పట్లు కొడుతున్నాం.

ఈ లోకంతో పరిచయం లేనివాళ్ళ కోసం నాలుగు మాటలు. మామూలు కీబోర్డులో కీల కింద రబ్బరు బుడిపెలుంటాయి. మెకానికల్ దాంట్లో ప్రతి కీకీ విడిగా ఒక స్విచ్చి, దానికో స్ప్రింగు. జర్మనీకి చెందిన చెర్రీ కంపెనీ 1980ల్లో తెచ్చిన ఎమ్ఎక్స్ స్విచ్చులే ఈనాటికీ కొలబద్ద. మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతుంది, దాదాపు సగం దూరంలో అక్షరం పడుతుంది. రెడ్ అన్నది నున్నగా దిగే రకం, 45 సెంటీన్యూటన్ల బరువు. గ్రాములనే అనుకోండి, తేడా లెక్కలోకి రాదు. బ్రౌన్‌కి దారి మధ్యలో చిన్న మిట్ట తగులుతుంది. బ్లూకి మిట్టతో పాటు చప్పుడూ ఉంటుంది, బరువు 60. చెర్రీ పేటెంట్ల గడువు తీరాక గేటరాన్, కైల్, అవుటెము లాంటి చైనా కంపెనీలు దిగి వందల రకాలు తెచ్చాయి. రంగులు, పళ్ళ పేర్లు, స్వీట్ల పేర్లు. మన మిఠాయి కొట్టు కూడా అంత వెరైటీ పెట్టదు.

స్పర్శ గురించి మాట్లాడొద్దని కాదు నేననేది. మన మాటల్లో, మన వేళ్ళతో మాట్లాడమంటున్నా. రెడ్ మీద వేలు పెడితే నీళ్ళలో ముంచినట్టుంటుంది. ఎక్కడ అక్షరం పడిందో వేలికి తెలీదు, తెర చూసుకోవాలి. బ్రౌన్ మిట్ట, ఏళ్ళ తరబడి లారీలు తిరిగి అరిగిపోయిన స్పీడుబ్రేకరు. ఉందని తెలుస్తుంది, ఆపదు. బ్లూ లోపల రెండు ముక్కల ప్లాస్టిక్ ఉంటుంది. పై ముక్క కిందికొచ్చాక రెండో ముక్క జారి ఠక్కున తగులుతుంది. కైల్ బాక్స్ వైట్‌లో ప్లాస్టిక్ బదులు సన్నని తీగ లాంటి కడ్డీ, దిగేటప్పుడూ లేచేటప్పుడూ రెండుసార్లు మోగుతుంది. పాతకాలం బస్సు కండక్టరు టికెట్ పంచ్ కొట్టినట్టు టిక్కు టిక్కు. బోబా యూ4టీ అనే దాని మిట్ట పెద్దది, మొదట్నుంచే తగులుతుంది. బోర్లించిన చింతపిక్కని వేలితో నొక్కితే ఒక్క క్షణం మొండికేసి పక్కకి జారుతుందే, అది. చప్పుడు బరువుగా, దబ్బున.

ఈ చప్పుళ్ళకి ‘థాక్’, ‘క్లాక్’, ‘క్రీమీ’ అని అరువు మాటలు ఎందుకో నాకర్థం కాదు. టక్, టిక్, ఠక్, ఠంగ్, టప్, దబ్, ధన్, కట, గర, గల అని చప్పుడుకో మాట ఉన్న భాష ఇది. వాటిల్లో అల్పప్రాణానికీ మహాప్రాణానికీ తేడా చెవికే కాదు, చేతికీ తెలుస్తుంది. టక్కున ఆగింది అంటే ఒకటి, ఠక్కున ఆగింది అంటే ఇంకొకటి. ఇంత సామాను ఇంట్లో పెట్టుకుని, కవిత్వం రాసే కుర్రాడు కూడా ‘థాకీ’ దగ్గర ఆగిపోతున్నాడంటే వాడు చెవితో వినలేదు, వీడియో చూసి వచ్చాడు.

ఆ వీడియోలో వినేది స్విచ్చి చప్పుడే అయినా బాగుండేది. అదీ కాదు. కేసు అల్యూమినియమా ప్లాస్టికా, ప్లేటు దేనితో చేశారు, లోపల ఫోమ్ ఎంత కుక్కారు, సర్క్యూట్ బోర్డు వెనకాల మాస్కింగ్ టేపు అంటించారా, స్విచ్చికి క్రైటాక్స్ గ్రీజు పూశారా, బల్ల టేకుదా ప్లైవుడ్డా, మైకు ఎంత దూరం, ఇవన్నీ కలిసిన మోత అది. పైగా అది ఏసీ గదిలో, తలుపులేసిన నిశ్శబ్దంలో రికార్డు చేసింది. తెనాలి బోసు రోడ్డు మీద మేడగదిలో, మే నెలలో, ఫ్యాను అయిదులో తిరుగుతూ కింద ఆటోలు హారన్లు కొడుతుంటే మీ పాతిక వేల ‘క్రీమీ’ శబ్దం ఎవరికి వినపడుతుంది? అక్కడ మిగిలేది వేలికి తగిలేదొక్కటే. బాపట్లలో నేను ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్ళూ ఉప్పుగాలి, చెమట. అరచేతులు తడారవు. ఆ ఊళ్ళో కీక్యాపు జారుతుందా లేదా అన్నది మొదటి ప్రశ్న. నునుపెక్కి నెయ్యి రాసినట్టు మెరిసే ఏబీఎస్ కీక్యాపులు అక్కడ రెండో వేసవికి పనికిరావు. దీని మీద రివ్యూ రాయరు. చెమట రికార్డవదు కదా.

ఇంకో జబ్బు, సాహిత్యం వాళ్ళది. బ్లూ స్విచ్చి కొనుక్కుని ‘టైప్‌రైటర్ ఫీల్ వస్తోంది, రాయాలనిపిస్తోంది’ అనేవాళ్ళు. గుండ్రటి కీక్యాపులు, పక్కన ఇత్తడి రంగు పుల్ల. ఎవరి టైప్‌రైటర్, బాబూ? అమెరికా నవలాకారుడి ఫోటోలో ఉన్నది మీ జ్ఞాపకం ఎలా అయింది? కొడవటిగంటి కుటుంబరావు 1909లో ఈ తెనాలిలోనే పుట్టాడు. 1980లో పోయేదాకా చందమామ పని చూసుకుంటూనే కథలు, నవలలు, వ్యాసాలు వేల పేజీలు రాశాడు. ఆ తరం తెలుగు రచయిత చేతిలో ఉన్నది కలం. ఆ కాగితం ప్రెస్సుకి వెళ్తే కంపోజిటరు గళ్ళ పెట్టెల్లోంచి సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చేవాడు. మన సాహిత్యానికంటూ ఒక యంత్రపు చప్పుడుంటే అది ట్రెడిల్ మిషను చప్పుడు.

టైపు మిషను చప్పుడు మన ఊళ్ళల్లో వేరే కథ. తెనాలి, బాపట్ల, రేపల్లె, ఏ ఊరైనా సరే, మెయిన్ రోడ్డు మీద ఓ మేడ, ఇరుకు మెట్లు, పైన టైపు ఇన్‌స్టిట్యూట్. డిగ్రీ అయిపోయి ఉద్యోగం రాని అబ్బాయిలు, పెళ్ళి కుదిరేలోపు ఏదో ఒకటి నేర్చుకోమని పంపిన అమ్మాయిలు. గంటకో బ్యాచి. ఏఎస్‌డీఎఫ్, సెమికోలన్ ఎల్‌కేజే. ఇంగ్లీషు లోయర్ పాసవ్వాలంటే నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కి 45. గోద్రెజ్, రెమింగ్టన్, ఫేసిట్ మిషన్లు. కీ కిందిదాకా కొట్టకపోతే అక్షరం పడదు, చిటికెనవేలు సర్వశక్తులూ ఒడ్డాలి. 1966లో అధికార భాషా చట్టం వచ్చాక తెలుగు మిషన్లకీ కొంత గిరాకీ వచ్చింది. బయట కోర్టు గోడ పక్కన చెట్టుకింద అర్జీలు కొట్టే ముసలాయన. ఈ చప్పుడులో ఉన్నది జీతం కోసం, జీతం రాబోతుందన్న ఆశ కోసం పడిన శ్రమ. దాన్ని తీసుకెళ్ళి ‘రైటర్లీ’ అని పేరు పెట్టి అమ్ముకుంటుంటే ఒళ్ళు మండుతుంది.

ఆ తర్వాత వచ్చినది అసలు మన మెకానికల్ కీబోర్డు చరిత్ర. దాన్ని ఈ హాబీవాళ్ళు అసలు చరిత్రగానే లెక్కవేయరు. టీవీఎస్ గోల్డ్. రైల్వే రిజర్వేషన్ కౌంటర్లో, బ్యాంకులో, డీటీపీ సెంటర్లో టకటకలాడిన ఆ బండ కీబోర్డు. పాత గోల్డ్‌లలో ఉన్నది చెర్రీ ఎమ్ఎక్స్ బ్లూ స్విచ్చులే, అదే జర్మనీ సరుకు. ఇప్పుడు మన కుర్రాళ్ళు ‘ఎండ్ గేమ్’ అంటూ వెతుక్కుంటున్న రకం స్విచ్చి మీద ఈ ఊళ్ళల్లో పెళ్ళి శుభలేఖలు, ఎన్నికల కరపత్రాలు, కవితా సంపుటాలు టైపయ్యాయి. మీ అరలో 1990ల్లోనో 2000ల్లోనో అచ్చయిన తెలుగు పుస్తకం ఉంటే తీసి చూడండి. లోపలి పేజీలో డీటీపీ ఎవరు చేశారో ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఆ పుస్తకంలోని ప్రతి ఒత్తూ ఎవరో ఒకరు వేలితో నొక్కినదే. మెకానికల్ స్విచ్చి మీద తెలుగు ఎలా ఉంటుందో ఈ దేశంలో ఎవరికైనా తెలిస్తే వాళ్ళకే తెలియాలి. వాళ్ళని ఎవరు అడిగారు?

నేను అడిగాను. మా మేనత్త కూతురు, మా వదిన, రేపల్లెలో ఇరవయ్యేళ్ళ బట్టీ డీటీపీ చేస్తోంది. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, ఆపిల్ లేఅవుట్; అక్షరాన్ని ముక్కలు ముక్కలుగా కొట్టే పద్ధతి. ఈ మధ్య వెబ్‌సైట్లకి యూనికోడ్‌లో కావాలంటున్నారని ఇన్‌స్క్రిప్ట్ కూడా పట్టేసింది. పోయిన సంక్రాంతికి మూడు బోర్డులు సంచీలో వేసుకుని వెళ్ళి ఆమె పాత గోల్డ్ పక్కన పెట్టాను. రెడ్, బ్రౌన్, బోబా. మూడు మాటలు కొట్టమన్నాను: తెనాలి, బాపట్ల, రేపల్లె. ఆమె చప్పుడు గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. బోబా మీద రెండు వరసలు కొట్టి, ‘ఇది చిటికెనేలుకి పగబట్టినట్టుందబ్బాయ్’ అంది. రెడ్ మీద, ‘వేలు ఊరికే ఆనించినా పడిపోతంది, ఎట్టా?’ బ్రౌన్ మీద ఎక్కువసేపు కొట్టి, ‘ఈ పక్క కీలు ఇంకొంచెం మెత్తగా ఉంటే దీంతో ఏగొచ్చు’ అంది. ఏ పక్క కీలు? ఎడమ చివరివి. ఇందులో ఉన్నంత విషయం, నేను చూసిన రివ్యూలన్నీ కలిపితే లేదు.

ఎందుకో లెక్క వేద్దాం. ఇంజనీరుని కదా, వేళ్ళు లెక్కపెట్టడం తప్ప ఏం చేతనవును.

మనలో ఎక్కువమంది తెలుగు కొట్టేది ఇంగ్లీషు అక్షరాలతో. ఆ పద్ధతికి దారి వేసినది ఆర్‌టీఎస్, అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న మనవాళ్ళు కట్టింది. ఆ తర్వాత లేఖిని, బరహ, గూగుల్. అవి లేకపోతే నెట్ మీద తెలుగు ఇంత తొందరగా వచ్చేది కాదు, ఆ రుణం ఉంది. కానీ వేలి లెక్క చూడండి. ఆర్‌టీఎస్‌లో తెనాలికి 7 నొక్కులు. బాపట్లకి 8, ‘ట’ కోసం షిఫ్ట్ ఒకటి, మొత్తం 9. రేపల్లెకి 7, దీర్ఘం కోసం షిఫ్ట్, 8. మూడూ కలిపి 24. అదే ఇన్‌స్క్రిప్ట్‌లో 6, 6, 7, వెరసి 19, షిఫ్ట్ లేదు. అయిదు నొక్కులే కదా అనకండి. మూడు మాటల్లో అయిదు, ముప్ఫై పేజీల కథలో ఎన్ని?

అసలు సంగతి సంఖ్య కూడా కాదు. లిప్యంతరీకరణలో తెలుగంతా జంట నొక్కులే: దీర్ఘానికి రెండు ఎ-లు, ద్విత్వానికి రెండు ఎల్-లు, రెండు కె-లు, రెండు ఎమ్-లు. అక్క, చెల్లి, కాకా, బాబాయి. ఇక్కడ బ్లూ స్విచ్చికి ఒక పుట్టులోపం అడ్డొస్తుంది. బ్లూలో అక్షరం పడిన చోటుకీ, మళ్ళీ కొట్టడానికి సిద్ధమయ్యే చోటుకీ దూరం ఉంటుంది. కీని పడిన చోటుకంటే బాగా పైకి రానిస్తే తప్ప రెండోసారి పడదు. ఇంగ్లీషులో జంట అక్షరాలు అప్పుడప్పుడూ వస్తాయి కాబట్టి వాళ్ళ రివ్యూల్లో దీన్ని ఆటల వాళ్ళ ఇబ్బందిగా ఓ వాక్యంలో తేల్చేస్తారు. రోమన్‌లో తెలుగు కొట్టేవాడికి అది ప్రతి మాటలో తగిలే రాయి. ‘టైప్‌రైటర్ ఫీల్’ కోసం బ్లూ కొన్న కవి, రెండు ఎ-లకి ఒకటే పడి ‘రాముడు’ కాస్తా ‘రముడు’ అవుతుంటే తన వేగాన్ని తిట్టుకుంటాడు. స్విచ్చికీ భాషకీ పడలేదని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఇన్‌స్క్రిప్ట్‌లో ఈ బాధ తక్కువ. ద్విత్వానికి హల్లు, పొల్లు, మళ్ళీ హల్లు. మధ్యలో వేరే కీ వస్తుంది. పొల్లు ‘డి’ కీ మీద ఉంటుంది, ఎడమ నడిమివేలు. అచ్చులూ గుణింతాలూ ఎడమవైపు, హల్లులు కుడివైపు, చేతులు మద్దెల వాయించినట్టు మారుతూ పోతాయని దాని గురించి చెబుతారు. 1991 ఐఎస్ 13194 ప్రమాణంలో భాగమైన ఈ అమరిక దేశంలోని లిపులన్నిటికీ దాదాపు ఒకటే కావడం గొప్ప విషయమే. ‘అక్క’ కొట్టండి, నిజంగానే మద్దెలే. కుడి, ఎడమ, కుడి. ‘రేపల్లె’లో ‘ల్లె’ కూడా అంతే. ఇలాంటి చోట బ్రౌన్ లాంటి మిట్ట హాయిగా ఉంటుంది, ప్రతి వేలికీ తన వంతు అయిందని కబురు అందుతుంది.

ఇప్పుడు ‘అమ్మ’ కొట్టండి. ‘అ’ అంటే షిఫ్ట్‌తో ‘డి’. ‘మ’ ఉన్నది ‘సి’ మీద. పొల్లు మళ్ళీ ‘డి’. మళ్ళీ ‘సి’. పద్ధతిగా నేర్చుకున్నవాడికి ‘డి’, ‘సి’ రెండూ ఎడమ నడిమివేలివే. అంటే అమ్మ అనే మాట మొత్తం ఒకే ఒక్క వేలు పైకీ కిందికీ ఎగురుతూ కొట్టాలి. తమ్ముడు, నమ్మకం, బొమ్మ, సొమ్ము, అన్నిట్లో ఆ వేలికి అదే గతి. ‘మ’, ‘న’, ‘వ’ మూడూ ఎడమచేతి అడుగు వరసలో పడ్డాయి కాబట్టి నేను, మేము, మనం, నువ్వు ఈ నాలుగూ పూర్తిగా ఎడమచేతి మాటలు. ‘నువ్వు’లో ఆరు నొక్కులుంటే అయిదు ఒక్క చూపుడువేలివే. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చోవచ్చు. తెలుగులో ఏ కథ తీసుకున్నా ఈ మాటలు లేకుండా పేజీ గడుస్తుందా? ఒకే వేలు ఇలా పరుగెత్తాల్సిన చోట బోబా మిట్ట శిక్ష. 62 గ్రాముల రకం మీద ఓ పేజీ సంభాషణలు కొట్టి చూశాను, నడిమివేలి కణుపు మర్నాటికి గాని తేరుకోలేదు.

ఇంకా ఘోరం చిటికెనవేలిది. హ్రస్వ ఎత్వం, హ్రస్వ ఒత్వం హిందీ రోజువారీ రాతకి అక్కర్లేదు. మనకి అవి లేనిదే నోరు పెగలదు: చెప్పు, వెళ్ళు, తెలుసు, పెద్ద, కొత్త, కొంచెం, పొద్దు. ఇన్‌స్క్రిప్ట్‌లో ఆ రెండూ మూలలకి పోయాయి. ఎత్వం ‘జెడ్’ మీద, ఒత్వం అంకె ఒకటికి కూడా ఎడమపక్కన, గడప అవతల. రెండూ ఎడమ చిటికెనవేలివి. ‘వెళ్ళి’ అని కొట్టండి: ఎత్వానికి చిటికెనవేలు జెడ్ మీదికి దిగాలి, వెంటనే ‘ళ’ కోసం షిఫ్ట్ మీదికి పోవాలి, పొల్లు పడేలోపు లేచి మళ్ళీ షిఫ్ట్ మీదికి రావాలి. ‘పెళ్ళి’కీ అదే తంతు. శుభలేఖలు కొట్టే మా వదిన చిటికెనవేలి గురించి ఎందుకు మాట్లాడిందో ఇప్పుడర్థమయిందా?

జపాన్ వాళ్ళు దీన్ని ఎప్పుడో ఆలోచించారు. టోప్రే వాళ్ళ రియల్‌ఫోర్స్ కీబోర్డుల్లో ఒక రకం ఉంది: చిటికెనవేలు తగిలే చోట 30 గ్రాములు, మిగతా వేళ్ళకి 45, కొన్నిటికి 55. వేలి బలాన్ని బట్టి బరువు. మనం ఆ బోర్డే కొనక్కర్లేదు. ఇప్పుడొచ్చే మెకానికల్ బోర్డుల్లో చాలావాటికి స్విచ్చులు చేత్తో పీకి మార్చుకోవచ్చు, సోల్డరింగ్ అక్కర్లేదు. జెడ్ కింద, ఎ కింద, ఒకటి పక్కన ఉన్న ఆ మూల కీ కింద 35 గ్రాముల గేటరాన్ క్లియర్ లాంటివి పెట్టండి. షిఫ్ట్ కింద మాత్రం మరీ మెత్తనిది వద్దు, దానికి స్టెబిలైజరు కడ్డీ బరువుంటుంది కాబట్టి లేవడానికి బద్ధకిస్తుంది, 45 చాలు. నడిమివేలు, చూపుడువేలు కీలకి 45 గ్రాముల రెడ్, కుడిచేతికి మీకు నచ్చితే బ్రౌన్. ఒకే బోర్డు మీద మూడు రకాలు. చప్పుడు ఎగుడుదిగుడుగా వస్తుంది, వీడియోకి పనికిరాదు. ఇంకా ఓపికుంటే క్యూఎమ్‌కేతో కీలనే జరపొచ్చు, ఎత్వాన్ని మూల నుంచి బొటనవేలి దగ్గరికి తెచ్చుకోవచ్చు. ఈ సౌకర్యాలన్నీ ఈ హాబీయే కనిపెట్టింది. మనవాళ్ళు మాత్రం వాటిని చప్పుడు మార్చుకోవడానికి వాడుతున్నారు.

‘ఆనందం కోసం కొనుక్కుంటాం, నీకేం నొప్పి?’ అని అడుగుతారు. కొనుక్కోండి. చప్పుడు ఆనందమే, దాన్నెవడు కాదన్నాడు. వీణ కొనుక్కున్నా ఆనందమే. కానీ వీణని రాత సామాను అని చెప్పి కథల వర్క్‌షాపులో సిఫార్సు చెయ్యరు కదా. ‘ఇప్పుడందరూ ఫోన్లోనేగా రాసేది, వాయిస్ టైపింగ్ ఉందిగా’ అంటారు ఇంకొందరు. ఫోన్లో రాస్తున్న వాక్యం పొడుగు ఎంతకి కుదించుకుపోయిందో చూస్తూనే ఉన్నాం. నోటితో చెప్తే పడే తెలుగుకి కామా ఎక్కడ పెట్టాలో తెలీదు, యాస అసలు తెలీదు. రేపల్లె మనిషి మాట్లాడే మాటని దిద్ది న్యూస్ రీడర్ మాట చేసి పెడుతుంది. నాలుగు వందల పేజీల నవల రాయదలచుకున్నవాడికి ఇంకా బల్ల, కుర్చీ, కీబోర్డే గతి. ఆ నవల రాసేటప్పుడు వేలు నొప్పి పుట్టి ‘కొంచెం’ బదులు ‘కాస్త’ అనేస్తే చదివేవాడికి తెలీదు. రాసినవాడికీ తెలీదు. నాకు భయం అక్కడే. ఏ మాట వేలికి సులువో ఆ మాట వైపు వాక్యం ఒరుగుతుంది. ఒకరోజు కాదు, పదేళ్ళు ఒరిగితే?

జపనీస్ అక్షరాలున్న కీక్యాపులు వేసుకుని, ఆ లిపిలో ఒక్క ముక్క చదవలేని తెలుగు కవులు నా స్నేహితుల్లోనే ఇద్దరున్నారు. అందంగా ఉంటాయట. వాళ్ళ కంప్యూటర్లో ఇన్‌స్క్రిప్ట్ ఉంది, విండోస్‌తో ఉచితంగా వచ్చింది, ఒక్కసారి కూడా తెరవలేదు. పాతిక వేలు పెట్టి గ్రీజు పూసిన స్విచ్చులు కొనడానికి ఉన్న ఓపికలో పదో వంతు, రోజుకి అరగంట చొప్పున మూడు వారాలు పెడితే చాలు, చేతికి లేఅవుట్ వస్తుంది. టైపు ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కిన అమ్మాయిలు అంతకంటే మొండి మిషన్ల మీద నేర్చుకున్నారు.

ఇకమీదట స్విచ్చుల మీద తెలుగులో రివ్యూ చేసేవాళ్ళకి ఒక పరీక్ష కాగితం ఇస్తాను. అమ్మ, అక్క, నువ్వు, వెళ్ళి, పెళ్ళి, చెప్పు, కొత్త, కొంచెం, పిల్లలు, తెనాలి, బాపట్ల, రేపల్లె. రోమన్‌లో ఒకసారి, ఇన్‌స్క్రిప్ట్‌లో ఒకసారి, ఆగకుండా పది నిమిషాలు. తర్వాత ఎడమచెయ్యి కెమెరా ముందు చాపి ఏ వేలు ఎలా ఉందో చెప్పండి. మైకు ఎక్కడ పెట్టుకుంటారో మీ ఇష్టం.